నాలుగు జీమెయిళ్లు కలిపి ఒకే వర్చువల్ డ్రైవ్: బ్యాకప్‌కి పనికొస్తుందా?

కంచరపాలెం లెక్కలు
శనివారం, రాత్రి 9:52

నమస్కారమండీ. ఇంట్లో కూర్చునే చిన్న షాపులకి లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. పదకొండు షాపుల టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా, స్కాన్ చేసిన బిల్లులు, వాటితోపాటు మా ఇంటి ఫొటోలు, పిల్లల డాన్సు వీడియోలు అన్నీ కలిపి 58 జీబీ. ఇన్నాళ్లూ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో వేసుకుంటున్నాను. మొన్నటి నుంచి దాన్ని తగిలిస్తే టిక్కు టిక్కుమని చప్పుడు. రెండు నిమిషాలకి మాయం, మళ్లీ ప్రత్యక్షం. అసలు డేటా కంప్యూటర్‌లో ఉంది కాబట్టి ఏమీ పోలేదు గానీ టెన్షన్ పట్టుకుంది. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి కదా.

నావి, మా ఆయనవి, మా అత్తగారి పేరు మీదది కలిపి నాలుగు జీమెయిల్ అకౌంట్లున్నాయి. ఒక్కోదానికి 15 జీబీ చొప్పున 60. ఈ నాలుగూ కలిపి మై కంప్యూటర్‌లో ఒకే డ్రైవ్‌లా, వై డ్రైవ్ అనుకోండి, కనిపించేలా చేసుకోవచ్చని ఒక వీడియోలో చూశాను. సి డ్రైవ్‌లోంచి వై డ్రైవ్‌లోకి లాగి పడేస్తే బ్యాకప్ అయిపోయినట్టే కదా? డబ్బులు పెట్టకుండా అయిపోతే బాగుణ్ను.

ఫ్రీయే పరబ్రహ్మం
శనివారం, రాత్రి 10:07

భేషుగ్గా అయిపోతుంది మేడమ్. నేను మూడేళ్లుగా అదే చేస్తున్నాను. క్లౌడ్ అకౌంట్లకి ఫైళ్లు పంపడానికి, వాటిని డ్రైవ్‌లా తగిలించడానికి ఆర్‌క్లోన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్‌లో ఆ డ్రైవ్ కనబడాలంటే దాంతోపాటు విన్‌ఎఫ్‌ఎస్‌పీ కూడా వేసుకోవాలి. అందులో యూనియన్ అనే ఏర్పాటు అకౌంట్లన్నిటినీ కలిపి ఒకే ఫోల్డర్‌లా చూపిస్తుంది. ఒక్క గూగులే ఎందుకు? మెగా 20 జీబీ ఇస్తుంది, బాక్స్ 10, వన్‌డ్రైవ్ 5, డ్రాప్‌బాక్స్ 2. బాక్స్‌లో మాత్రం 250 ఎంబీ దాటిన ఫైలు ఎక్కదు, డాన్సు వీడియోలు అక్కడికి పంపకండి. పెట్టేవాళ్లు పెడుతుంటే తినడానికి మనకేం?

ఉప్పుగాలి
శనివారం, రాత్రి 10:31

క్లౌడ్ సంగతి తర్వాత. ముందు ఆ డిస్క్ తీసి పక్కన పెట్టండమ్మా. టిక్కు టిక్కుమంటే లోపల డేటా చదివే హెడ్డు చోటు వెతుక్కుంటోందన్నమాట. అందులో మాత్రమే ఉన్న ఫైలు ఒక్కటైనా ఉంటే మళ్లీ మళ్లీ తగిలించి చూడకండి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని చెప్పే వీడియోల జోలికి అసలు పోవద్దు.

డాబాగార్డెన్స్‌లో నాది రిపేరు పని. బీచ్ వైపు ఇళ్ల నుంచి వచ్చే బోర్డుల మీద పచ్చగా పట్టిన తుప్పు రోజూ చూస్తాను. కిటికీ పక్కన బల్ల మీద ఏళ్లకేళ్లు వదిలేసిన డిస్కులు మన విశాఖ గాలికి ఎంతకాలం ఆగుతాయి చెప్పండి. ఈ రాత్రికి ఏదో ఒక పెన్‌డ్రైవ్‌లోకి టాలీ బ్యాకప్ ఒక్కటైనా తీసుకుని పడుకోండి.

ఉక్కునగరం పాతకాపు
ఆదివారం, ఉదయం 5:40

ఈ వర్చువల్ డ్రైవ్ ముచ్చట కొత్తదేం కాదు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చి 1 జీబీ ఉచితం అంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. అదే ఏడాది బయటివాళ్లెవరో జీమెయిల్ డ్రైవ్ అని చిన్న ప్రోగ్రాం చేశారు. మై కంప్యూటర్‌లో ఒక డ్రైవ్ కనిపించేది. అందులో ఫైలు వేస్తే మనకి మనమే మెయిల్ పంపుకున్నట్టు, ఆ ఫైలు అటాచ్‌మెంట్‌గా ఇన్‌బాక్స్‌లో పడేది. ఆఫీసులో కుర్రాళ్లకి చూపిస్తే నోరెళ్లబెట్టారు. గూగుల్ లోపల ఏదైనా మార్చినప్పుడల్లా అది ఆగిపోయేది, మళ్లీ కొత్త వెర్షన్ వచ్చేదాకా చూడాలి. గూగుల్ తన సొంత డ్రైవ్ తెచ్చింది 2012లో.

పరబ్రహ్మం గారికి ఒక మాట. పెట్టిన చెయ్యి తీసేస్తుంది కూడా. మైక్రోసాఫ్ట్ వాళ్ల స్కైడ్రైవ్ 25 జీబీ ఇచ్చి 2012లో కొత్తవాళ్లకి 7 చేసింది. పేరు వన్‌డ్రైవ్‌గా మారి 15 అయింది, 2016లో 5కి దిగింది. ఉబుంటు వన్ అనే సర్వీసు 2014లో మూశారు, కాపీ అనే పేరున్న ఇంకో సర్వీసు 2016లో. అమెజాన్ డ్రైవ్ 2023 డిసెంబరు 31తో సరి. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నయినా ఉచితం అన్నది 2021 జూన్ 1తో పోయింది. ఖాళీ చేసుకోమని గడువు ఇస్తారు, నిజమే. ఆ మెయిల్ మనం చూడాలి కదా!

మధురవాడ మౌంట్
ఆదివారం, ఉదయం 11:15

అక్కా, నేను ఆర్‌క్లోన్ రోజూ వాడతాను. పరబ్రహ్మం అన్న చెప్పినట్టు చెయ్యడం కుదురుతుంది. కుదురుతుంది కాబట్టి చెయ్యాలని లేదు.

వై డ్రైవ్ అని కనిపించేది డిస్కు కాదక్కా, కిటికీ. అవతల ఉన్నది ఇంటర్నెట్. మీరు ఫైలు లాగి పడేస్తే అది ముందు మీ సి డ్రైవ్‌లోనే క్యాష్ అనే చోట కూర్చుని, అక్కడి నుంచి నెమ్మదిగా పైకి వెళుతుంది. విండోస్ మాత్రం కాపీ అయిపోయిందని చూపించేస్తుంది. మీరు నమ్మి కంప్యూటర్ ఆపేస్తారు. సగం ఫైళ్లు ఇంకా ఇంట్లోనే ఉంటాయి. మీ అప్‌లోడ్ స్పీడు 10 ఎంబీపీఎస్ అనుకుంటే 58 జీబీకి దాదాపు 13 గంటలు. అంతసేపు విండోస్ చూపించిన ఆ పచ్చ గీత మీకేమీ చెప్పదు.

ఇంకో తమాషా. ఖాళీ ఎంత ఉందో అవతలి సర్వీసు చెప్పకపోతే ఆర్‌క్లోన్ డ్రైవ్‌కి 1 పీబీ అని చూపిస్తుంది. పది లక్షల జీబీ పైమాట! మా రూమ్మేట్ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకున్నాడు.

ఫొటోల ఫోల్డర్ తెరిస్తే విండోస్ ఒక్కో దానికీ చిన్న బొమ్మ చూపించాలని ఫొటోలు కిందకి లాగడం మొదలెడుతుంది. యాంటీవైరస్ తన వంతు తను లాగుతుంది. మీరు ఊరికే తెరిచి చూశారంతే, నెట్ కాస్తా నత్తనడక.

టాలీ డేటాని మాత్రం వై డ్రైవ్‌లో పెట్టి అక్కడి నుంచే నడపొద్దు. అది క్షణక్షణం చిన్న చిన్న ముక్కలు రాస్తుంటుంది. మధ్యలో నెట్ తెగితే ఆ ఫైలు ఏ స్థితిలో ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. టాలీలోనే బ్యాకప్ తీసి, టాలీ మూసేసి, ఆ బ్యాకప్ ఫైలుని పంపించండి.

ఫ్రీయే పరబ్రహ్మం
ఆదివారం, మధ్యాహ్నం 12:02

తమ్ముడూ, అంత భయపెట్టకు. మూడేళ్లలో నాకు ఒక్క ఫైలూ పోలేదు.

మధురవాడ మౌంట్
ఆదివారం, మధ్యాహ్నం 12:09

పోలేదని ఎలా తెలుసన్నా? ఎప్పుడైనా అన్నీ వెనక్కి దించి చూశావా?

ఫ్రీయే పరబ్రహ్మం
ఆదివారం, మధ్యాహ్నం 12:26

దించలేదు. అవసరం పడలేదు.

గోపాలపట్నం గిరి
ఆదివారం, మధ్యాహ్నం 3:18

అవసరం చెప్పి రాదు బాబూ. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మా హాల్లో కిటికీ అద్దం పగిలి వాన అడ్డంగా లోపలికి కొట్టింది. కంప్యూటరు, దాని బ్యాకప్ డిస్కు ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. రెండూ తడిశాయి. అదేదో పూజలో దంపతులు కూర్చున్నట్టు చక్కగా పెట్టుకున్నాను నేనే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నెట్ మాటే లేదు. ఆ నాలుగైదు రోజులు క్లౌడ్‌లో ఉన్నా చూసుకునే దారి లేదు.

చివరికి దొరికినవి ఏవంటే, విజయనగరంలో మా బావమరిది ఇంట్లో పడేసిన ఆరు డీవీడీలు, మెయిల్‌లో పంపుకున్న ఇంటి పత్రాల స్కాన్లు. అప్పటి నుంచి నా లెక్క ఇది: కంప్యూటర్‌లో ఒకటి, ఇంట్లోనే వేరే డిస్కులో ఒకటి, ఊరు దాటి ఒకటి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి బయట: మూడు, రెండు, ఒకటి సూత్రం అంటారట దీన్ని. నాకు తుఫాను చెప్పింది. ఉచిత క్లౌడ్ ఆ మూడోదానికి పనికొస్తుంది. కొత్త డిస్కు కొనే ఖర్చు తప్పించుకోవడానికి కాదు.

కంచరపాలెం లెక్కలు
ఆదివారం, సాయంత్రం 6:44

అమ్మో, గిరి గారూ, మా డిస్కూ కంప్యూటర్ పక్కనే, అదీ కిటికీ కిందే. ఇప్పుడే తీసి బీరువాలో పెట్టాను. ఉప్పుగాలి గారు చెప్పినట్టు టాలీ బ్యాకప్పులు రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి తీశాను, పదకొండూ కలిపి 3 జీబీ కూడా లేవు. ఇంతకాలం 58 జీబీ అని గుండెలు బాదుకున్నాను, అసలు ప్రాణం 3 జీబీయే. స్కాన్ చేసిన బిల్లులు ఇంకో 9. మిగతాదంతా ఫొటోలూ డాన్సులూనూ.

అయితే నాలుగు అకౌంట్లు కలపాలా వద్దా? గూగుల్ వాళ్ల సొంత ప్రోగ్రాంలో అవ్వదా?

మధురవాడ మౌంట్
ఆదివారం, రాత్రి 8:30

గూగుల్ డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ వేసుకుంటే ఒకేసారి నాలుగు అకౌంట్ల దాకా తగిలించవచ్చు, ఒక్కోదానికి ఒక్కో డ్రైవ్ అక్షరం వస్తుంది. కలిసి ఒకటిగా కనిపించవు. చూసుకోవడానికి హాయిగా ఉంటుంది.

కలపడం మీద నా అభ్యంతరం చెబుతాను. యూనియన్ ఫైలుని ముక్కలు చెయ్యదు. ఒక్కో ఫైలుని మొత్తంగా ఏదో ఒక అకౌంట్‌లో వేస్తుంది. ఏ బిల్లు ఏ జీమెయిల్‌లో పడిందో మీకు గుర్తుండదు. ఏ కారణానికో ఒక అకౌంట్ తెరుచుకోలేదనుకోండి, పాస్‌వర్డ్ మర్చిపోయారు, ఓటీపీ వెళ్లే పాత సిమ్ ఆగిపోయింది, ఏదో ఒకటి. నాలుగో వంతు ఫైళ్లు అక్కడొకటి ఇక్కడొకటిగా మాయం. నాలుగు తలుపులు పెట్టుకుంటే నాలుగు తాళంచెవులు కాపాడుకోవాలి.

పైగా గూగుల్ 15 జీబీ డ్రైవ్‌కి మాత్రమే కాదు. జీమెయిల్, ఫొటోస్, డ్రైవ్ మూడింటికీ అదే. బ్యాకప్‌తో నింపేస్తే జీమెయిల్‌కి కొత్త మెయిల్స్ రావడం ఆగిపోతుంది. మీ పనికి ఆ మెయిల్ ఐడీ ఎక్కడెక్కడ ఇచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి.

కంచరపాలెం లెక్కలు
ఆదివారం, రాత్రి 8:41

జీఎస్టీ పోర్టల్ ఓటీపీలు దానికే వస్తాయి!! పదకొండు షాపుల్లో నలుగురికి నా మెయిలే ఇచ్చి ఉంది.

ఉక్కునగరం పాతకాపు
ఆదివారం, రాత్రి 9:05

ఇంకొకటమ్మా. అత్తగారి పేరు మీద అకౌంట్ అన్నావు. ఆవిడ వాడతారా? రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత అకౌంట్లని గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. బ్యాకప్ కోసమే తెరిచి మర్చిపోయిన అకౌంట్‌కి సరిగ్గా ఆ గతే పడుతుంది.

సీతమ్మధార
ఆదివారం, రాత్రి 9:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి సర్టిఫికెట్లు కూడా ఇలాగే పెట్టొచ్చా? ఎవరైనా చూసేస్తారేమోనని భయం.

ఉప్పుగాలి
ఆదివారం, రాత్రి 9:34

సర్టిఫికెట్లకి డిజీలాకర్ చూడండి మేడమ్. 2015 నుంచి ఉంది, ఉచితం, మనం ఎక్కించుకునేవాటికి 1 జీబీ చోటుంది. అసలు లాభం జారీ అయిన పత్రాల విభాగంలో. అక్కడ నేరుగా బోర్డు నుంచో రవాణా శాఖ నుంచో వచ్చేవి చట్టం దృష్టిలో ఒరిజినల్‌తో సమానం. మనం స్కాన్ చేసి ఎక్కించినవాటికి ఆ హోదా లేదు, అవి దాచుకోవడానికే.

మధురవాడ మౌంట్
ఆదివారం, రాత్రి 10:12

ఎవరూ చూడకూడదంటే తాళం వేసి పంపాలి. ఆర్‌క్లోన్‌లో క్రిప్ట్ ఉంది, అలవాటు లేనివాళ్లకి క్రిప్టోమేటర్ తేలిక. రెండూ ఉచితమే. ఫైలు మీ కంప్యూటర్‌లోనే తాళం పడి పైకి వెళుతుంది. అక్కడ ఎవరు తెరిచినా చెత్త అక్షరాలే. అక్కా, అవతలివాళ్ల లెక్కల పుస్తకాలు మీ దగ్గరున్నాయి కాబట్టి మీకిది తప్పనిసరి అంటాను.

పాస్‌వర్డ్ పోతే మాత్రం ఫైళ్లు పోయినట్టే. మర్చిపోయాను అని నొక్కే మీట ఉండదు. ఆర్‌క్లోన్‌లో రెండో పాస్‌వర్డ్ కూడా పెట్టుకుని ఉంటే రెండూ కావాలి. కంప్యూటర్‌తో పాటే సెట్టింగుల ఫైలూ పోతుంది కాబట్టి కాగితం మీద రాసుకోండి.

ఫైళ్లకి తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకి గట్టిగా తగిలే దెబ్బ ఒకటుంది. నాకు ఒక సాయంత్రం మొత్తం తినేసింది. ఆర్‌క్లోన్ క్రిప్ట్‌తో పేరుకి కూడా తాళం వేస్తే ఆ పేరు పొడవవుతుంది. అందుకని అసలు పేరు 143 బైట్లు దాటితే కొన్ని సర్వీసులు తీసుకోవు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతం, ప్రతి పొల్లు విడివిడిగా మూడేసి బైట్లు. 'శ్రీ' అని ఒక్కటి రాస్తే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి పన్నెండు. అలా లెక్కేస్తే 47 గుర్తుల్లో అయిపోతుంది. మా తాతయ్య షష్టిపూర్తి వీడియోకి మా పిన్ని పెట్టిన పేరు చూడాలి, పెళ్లి శుభలేఖంత ఉంది. అదొక్కటీ ఎక్కలేదు. ఎర్రగా ఒక లైను వచ్చింది, నేను చూడలేదు.

ఫ్రీయే పరబ్రహ్మం
సోమవారం, ఉదయం 7:15

రాత్రి నిద్ర పట్టక నా యూనియన్ మొత్తం దించి చూశాను. అందరూ కలిసి నా నిద్ర చెడగొట్టారు.

ఒక అకౌంట్ లాగిన్ అడుగుతోంది, ఎప్పటి నుంచో తెలీదు. దాని నంబరు పాత సిమ్ముది. మా పాప బారసాల ఫొటోల్లో సగమే వచ్చాయి. మిగతా సగం ఆ అకౌంట్‌లోనే ఉండాలి. అదృష్టం, మా ఆవిడ ఫోన్లో ఉన్నాయి. తమ్ముడూ, ఒప్పుకుంటున్నా.

మధురవాడ మౌంట్
సోమవారం, ఉదయం 7:31

అయ్యో. అన్నా, ఆ సిమ్ కంపెనీ షాపులో అడిగి చూడు, నంబరు ఇంకా వేరేవాళ్లకి ఇవ్వకపోతే డూప్లికేట్ దొరకొచ్చు.

కంచరపాలెం లెక్కలు
సోమవారం, మధ్యాహ్నం 2:10

పరబ్రహ్మం గారూ, ఫొటోలు దొరికినందుకు సంతోషం. సరే తమ్ముడూ, వై డ్రైవ్ వదిలేశాను. మరి బ్యాకప్‌గా ఏం చెయ్యమంటావు? రోజూ నేనే లాగి పడెయ్యాలంటే జరిగే పని కాదు. ఇరవయ్యో తారీకు, అంటే రిటర్నుల గడువు, దగ్గరపడితే అన్నం తినడమే మర్చిపోతాను.

మధురవాడ మౌంట్
సోమవారం, రాత్రి 9:48

డ్రైవ్‌ని చూసుకోవడానికి ఉంచుకోండి, సామాను మాత్రం కిటికీలోంచి కాకుండా గుమ్మంలోంచి పంపండి. అంటే మౌంట్ చెయ్యకుండా, క్లౌడ్‌ని డ్రైవ్‌లా తగిలించకుండా, ఆర్‌క్లోన్ కాపీ ఆదేశంతో నేరుగా. ఎన్ని వెళ్లాయి, ఎన్ని ఆగాయి అని చివర్లో చెబుతుంది, రేపు మళ్లీ నడిపితే మారినవే పంపుతుంది. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే రోజూ రాత్రి తనే నడుస్తుంది. మౌంట్ చేసిన డ్రైవ్ మీదకి షెడ్యూల్ పెడితే ఒక్కోసారి డ్రైవ్ పుట్టకముందే పని మొదలై ఆగిపోతుంది. మా లాబ్‌లో లైనక్స్ మెషీన్ మీద ఇంకా ఘోరం: మౌంట్ అవ్వలేదు, ఖాళీ ఫోల్డర్ ఉంది, స్క్రిప్టు వారం రోజులు అందులోనే రాసుకుంటూ పోయింది. అదే డిస్కు మీద! అన్నీ సక్సెస్ అనే చూపించింది. రాసింది నేనే లెండి.

కాపీ వాడండి, సింక్ వాడకండి. సింక్ అంటే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిపేస్తుంది. వైరస్ వచ్చి ఫైళ్లన్నీ పాడుచేస్తే ఆ పాడైనవి పైకి వెళ్లి కూర్చుంటాయి. కాపీలో చెరపడం ఉండదు గానీ, అదే పేరుతో మారిన ఫైలు పాతదాని మీద పడుతుంది. అందుకే టాలీ బ్యాకప్‌ని తేదీ పేరుతో వేరే ఫోల్డర్‌లో వేయండి. గూగుల్ డ్రైవ్ బిన్‌లో చెరిపినవి 30 రోజులుంటాయి, దాని మీద ఆధారపడకండి.

కమాండ్లు చూస్తే భయమేస్తే డూప్లికాటి చూడండి. బ్రౌజర్‌లోనే మీటలు నొక్కి చేసుకోవచ్చు, తాళం వేస్తుంది, పాత వెర్షన్లు దాస్తుంది. కాకపోతే అక్కడ ఫైళ్లు ఫైళ్లలా కనబడవు, ముక్కల మూటల్లా ఉంటాయి. వెనక్కి తేవాలంటే మళ్లీ డూప్లికాటీయే కావాలి.

మీ 12 జీబీకి ఒక కొత్త జీమెయిల్ చాలు, మెయిల్స్‌కి వాడనిది. ఫొటోలకి కొత్త డిస్కు ఒకటి కొనుక్కోండి, ఇక తప్పదు.

గోపాలపట్నం గిరి
సోమవారం, రాత్రి 10:20

కొన్న డిస్కు కిటికీ కింద పెట్టకమ్మా.

కంచరపాలెం లెక్కలు
ఆదివారం, సాయంత్రం 5:05

వారం అయింది, ఏమైందో చెప్పాలి కదా. కొత్త అకౌంట్, ఆర్‌క్లోన్, క్రిప్ట్. మా మేనల్లుడు వచ్చి కూర్చోబెట్టాడు. 12 జీబీ వెళ్లడానికి సుమారు మూడు గంటలు పట్టింది, మధ్యలో మా వీధిలో రోడ్డు తవ్వి కేబుల్ కోసేశారు, మర్నాడు మళ్లీ మొదలెడితే మిగిలినవే వెళ్లాయి. ఫోన్లో రెండు నెలలకోసారి ఆ అకౌంట్ తెరవమని అలారం పెట్టాను. పాతకాపు మాస్టారి మాట మీద.

ఈ రోజు మా ఆయన లాప్‌టాప్‌లో అన్నీ కొత్తగా వేసి, కాగితం మీద రాసుకున్న పాస్‌వర్డ్‌లు కొట్టి, ఒక కిరాణా షాపు టాలీ బ్యాకప్ దించాం. మొదటిసారి తెరుచుకోలేదు. గుండె ఆగినంత పనైంది. చూస్తే నేను సున్నా రాశానో ఓ రాశానో నాకే తెలియలేదు. రెండోసారికి తెరుచుకుంది. టాలీలో రీస్టోర్ చేస్తే మార్చి 31 నాటి నగదు నిల్వ పైసలతో సహా సరిపోయింది. నాలుగు బిల్లుల స్కాన్ల పేర్లు మాత్రం మరీ పొడవు. తమ్ముడు చెప్పిందే, 'శ్రీ వేంకటేశ్వర' అని మొదలయ్యే షాపు పేరు. షాపు కోడ్‌లు పెట్టేశాను.

ఉప్పుగాలి
ఆదివారం, సాయంత్రం 5:40

ఆ కాగితం ఎక్కడ పెట్టారమ్మా? కంప్యూటర్ డెస్క్ సొరుగులోనే కాదు కదా?

కంచరపాలెం లెక్కలు
ఆదివారం, సాయంత్రం 6:02

ఒకటి బీరువాలో. ఇంకో కాపీ కవర్లో పెట్టి అంటించి పెందుర్తిలో మా అమ్మ వాళ్లింట్లో ఇచ్చాను. ఏంటిదని అడిగితే చెప్పాను. "నీ లెక్కలన్నీ ఈ కాగితంలో ఉన్నాయా?" అని దాన్ని దేవుడి పటం వెనక పెట్టేసింది. ఈసారి సున్నాకి అడ్డగీత పెట్టి రాశాను లెండి.